గంజి వార్చని పాస్తా



బుధవారం సాయంత్రం ఏడున్నర. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పేసరికి ఇంట్లో అందరి చూపూ వంటింటి వైపే ఉంటుంది. పొద్దున చేసిన పప్పు అయిపోయింది. కూర గిన్నె అడుగున రెండు వంకాయ ముక్కలు మిగిలాయి. ఫ్రిజ్‌లో నిన్న తెచ్చిన బోన్‌లెస్ చికెన్ ఉంది. అలమరలో పిల్లలు పట్టుబట్టి కొనిపించిన పాస్తా ప్యాకెట్ ఉంది. తొమ్మిదిన్నరయ్యేసరికి పిల్లల కళ్లు మూతలు పడతాయి. ఈలోగా వండాలి, తినాలి, గిన్నెలు తోమాలి, రేపటి బాక్సుల సంగతి చూసుకోవాలి. అలాంటి రాత్రి ఒకే ఒక్క గిన్నెలో, నలభై నిమిషాల్లో అయిపోయే చికెన్ పాస్తా గురించి ఇవాళ మీతో మాట్లాడదామని వచ్చాను.

పాస్తా అంటే మనది కాని వంట అని చాలామంది పెద్దవాళ్లు దూరం పెడతారు. ప్యాకెట్ వెనక చదివి చూడండి. అందులో ఉండేవి రెండే, గోధుమ రవ్వా నీళ్లూ. ఆ గోధుమ మాత్రం వేరే రకం, డ్యూరమ్ గోధుమ అంటారు. గింజ గట్టిగా ఉంటుంది, రవ్వ లేత పసుపు ఛాయలో ఉంటుంది. మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని మాల్వా ప్రాంతం ఈ గోధుమకి పేరు పడింది. ఇటలీలో అయితే ఎండు పాస్తాని డ్యూరమ్ గోధుమతోనే చేయాలని 1967లో చట్టమే తెచ్చారు. దానికి కారణం ఉంది. ఈ గోధుమలో మాంసకృత్తులు ఎక్కువ, అవి వలలా అల్లుకుని పిండిని పట్టి ఉంచుతాయి కనుక ఉడికినా గొట్టం గొట్టంగానే నిలుస్తుంది. మైదాతో చేసిన చవక రకం ఇదే గిన్నెలో వండితే ముద్దయిపోతుంది. కాబట్టి కొనేటప్పుడు ప్యాకెట్ తిప్పి, డ్యూరమ్ అన్న మాట ఉందో లేదో చూసుకోండి. ఈ వంటలో నేను రాజీపడనిది ఇదొక్కటే.

ఇక మన సేమియా ఉందే, అదీ ఈ కుటుంబంలోదే. పిండిని సన్నని తీగలా లాగి ఎండబెడితే సేమియా, గొట్టంలా ఏటవాలుగా కోస్తే పెన్నె. 1982లో మన హైదరాబాద్‌లో మొదలైన సేమియా కంపెనీ పేరు బాంబినో. ఆ మాటకి ఇటాలియన్‌లో చంటిబిడ్డ అని అర్థం. ఇంకా వెనక్కి వెళితే, 1154లో అల్ ఇద్రీసీ అనే అరబ్ భూగోళ పండితుడు సిసిలీ దీవిలో త్రాబియా అనే ఊరి గురించి రాస్తూ, అక్కడ పిండితో తీగల్లాంటి ఆహారం చేసి ఓడల మీద దూరదేశాలకి పంపుతున్నారని చెప్పాడు. ఇన్ని వందల ఏళ్లుగా ఊళ్లు తిరుగుతున్న తిండి ఇది. మన వంటింట్లోకి ఉప్మా రూపంలో ఎప్పుడో వచ్చేసింది. సేమియా ఉప్మా చేయడం వచ్చినవారికి ఈ పాస్తా సగం వచ్చినట్టే.

ఆ మాట ఊరికే అనడం లేదు. మా చిన్నప్పుడు అమ్మ అన్నం రెండు రకాలుగా వండేది. చుట్టాలొచ్చి ఇంటినిండా జనం ఉన్నప్పుడు పెద్ద గిన్నెలో నిండుగా ఎసరు పెట్టి, అన్నం ఉడికాక చిబ్బి మూసి, గుడ్డతో రెండువైపులా పట్టుకుని గిన్నె వంచి గంజి వార్చేది. తెల్లటి గంజి చిక్కగా, ధార తెగకుండా కింద గిన్నెలోకి జారేది. దాని ఆవిరి అమ్మ ముఖాన్ని కమ్మేసేది. అందులో చిటికెడు ఉప్పు వేసి మాకు తలా ఒక గ్లాసు ఇచ్చేది. కొంత నేతచీరలకి పెట్టేది. మిగిలింది గేదె కుడితిలోకి పోయేది. ఒక్క బొట్టు కూడా వృథా అయ్యేది కాదు. ఇంట్లో మేం నలుగురమే ఉన్న రోజున మాత్రం అత్తెసరు పెట్టేది. బియ్యానికి తగ్గట్టు కొలిచి నీళ్లు పోయడం, ఆ నీళ్లన్నీ ఆ బియ్యంలోనే ఇంకిపోయేలా వండటం. వార్చేది ఉండదు, గంజి బలమంతా అన్నంలోనే ఉండిపోతుంది.

పాస్తాకీ సరిగ్గా ఈ రెండు దారులే ఉన్నాయి.

ఇటలీ ఇళ్లలో పాటించే లెక్క 100 గ్రాముల పాస్తాకి లీటరు నీళ్లు, 10 గ్రాముల ఉప్పు. అంటే పావుకిలోకి రెండున్నర లీటర్లు. మా స్టవ్ మీద అన్ని నీళ్లు తెర్లడానికే దగ్గర దగ్గర పావుగంట పడుతుంది. ఉడికాక జల్లెడలో వార్చాలి. పక్కన ఇంకో బాణలిలో చికెన్, మరో గిన్నెలో సాస్. మొదటిసారి నేను అలాగే చేశాను. వెన్నలో మైదా వేయించి, ఉండ కట్టకుండా పాలు పోస్తూ తిప్పుతూ నిలబడ్డాను. ఆ సాస్ అయ్యేసరికి పాస్తా చల్లారి అంటుకుపోయింది. చికెన్ గట్టిపడింది. చిన్నది సోఫాలోనే నిద్రపోయింది. దాన్ని లేపి తినిపించాల్సి వచ్చింది. ఆ రాత్రి సింకు దగ్గర నిలబడి గిన్నెలు తోముతుంటే జల్లెడ కింద గిన్నెలో మిగిలిపోయిన ఆ నీళ్లు కనిపించాయి. తెల్లగా, జిగటగా ఉన్నాయి. వేలితో తాకి చూస్తే అచ్చంగా గంజి. అప్పుడు అమ్మ గుర్తొచ్చింది. పాస్తాలో ఉన్న చిక్కదనాన్ని సింకులో పోసేశాను, ఆ చిక్కదనం కోసమే పక్కన మైదా కలిపాను. ఇంత తెలివితక్కువ పని మా అమ్మ వంటింట్లో జరిగేది కాదు.

ఇటలీ వంటవాళ్లకి ఆ గంజి విలువ తెలియదనుకోకండి. వార్చేముందు గరిటెడు తీసి దాచుకుని సాస్‌లో కలపడం వాళ్లకి అలవాటే. కొన్నిచోట్ల అసలు వార్చరు కూడా. బూటులా కనిపించే ఆ దేశపటంలో మడమ దగ్గర పూలియా అనే ప్రాంతం ఉంది. దాని ముఖ్య పట్టణం బారీలో ఒక వంట ప్రసిద్ధి. పచ్చి స్పగెట్టీని నేరుగా ఇనుప పెనంలో వేసి, పలచటి టమాటా రసం గరిటె గరిటె చొప్పున పోస్తూ, అడుగు కాస్త మాడేదాకా వండుతారు. కారం కూడా గట్టిగానే వేస్తారు. దాన్ని వాళ్లు హంతకుడి స్పగెట్టీ అంటారు. కారానికి ఆ పేరు వచ్చిందంటే మన గుంటూరు వాళ్లకి నచ్చుతుందనే అనుకుంటాను. అమెరికాలో 2013లో మార్తా స్టూవర్ట్ పత్రిక పాస్తా, టమాటాలు, ఉల్లిపాయ, వెల్లుల్లి, నీళ్లు అన్నీ ఒకేసారి ఒకే గిన్నెలో వేసి వండే పద్ధతి అచ్చువేసింది. అది అక్కడి ఇళ్లలో దావానలంలా పాకింది. దానికి నాలుగేళ్ల ముందే, 2009లో, వంట వెనకున్న శాస్త్రం గురించి రాసే హెరాల్డ్ మెగీ అనే రచయిత న్యూయార్క్ టైమ్స్‌లో, పాస్తాకి అన్నన్ని నీళ్లు అక్కర్లేదని తానే వండి చూసి రాశాడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. పాస్తాలో కోడిమాంసం వేయడం ఇటలీలో అరుదు. అది అమెరికా అలవాటు. రోమ్ నగరంలో ఆల్ఫ్రెడో ది లెలియో అనే హోటల్ యజమాని వెన్న, చీజ్ మాత్రమే వేసి చేసిన పాస్తా అమెరికా చేరాక, అందులో క్రీమూ చికెనూ వచ్చి కలిశాయి. వలస వెళ్లిన వంట కొత్త ఊళ్లో దొరికినవాటిని కలుపుకుంటుంది. మనం కలుపుకోవడంలోనూ తప్పులేదు.

సరే, ఇక పొయ్యి వెలిగిద్దాం. రేడియోలో వంట చెబితే ఎలా కనిపిస్తుందని అడుగుతారు. ఈ వంటకి కళ్లకంటే చెవులు ఎక్కువ పనిచేస్తాయి. గిన్నె చేసే చప్పుడు మారినప్పుడల్లా మనం చేయాల్సిన పని మారుతుంది. ఆ చప్పుళ్లే మీకు చెబుతాను.

నలుగురికి కొలతలు. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. పెన్నె పాస్తా పావుకిలో. బోన్‌లెస్ చికెన్ 350 గ్రాములు. పెద్ద ఉల్లిపాయ ఒకటి. వెల్లుల్లి ఎనిమిది రెబ్బలు. బాగా పండిన టమాటాలు నాలుగు. కాప్సికం ఒకటి. నూనె మూడు చెంచాలు. పాలు ఒక చిన్న గ్లాసు, అంటే 150 మిల్లీలీటర్లు. చీజ్ క్యూబులు రెండు. మిరియాల పొడి, కారం, పసుపు, ఉప్పు. నీళ్లు ముప్పావు లీటరు.

చికెన్ కొనేటప్పుడు షాపులో తొడ మాంసం బోన్‌లెస్ చేసివ్వమని అడగండి. రొమ్ము ముక్క చూడటానికి బాగుంటుంది, కానీ పది నిమిషాలు దాటి ఉడికితే పీచు కడుతుంది. తొడ ముక్కలో కొవ్వు ఉంటుంది, నాలుగు నిమిషాలు అటూఇటూ అయినా మెత్తగానే ఉంటుంది. పనిరోజు రాత్రి ఫోను మోగుతుంది, కాలింగ్ బెల్ మోగుతుంది, పిల్లల హోంవర్కులో లెక్క కుదరదు. పొరపాటుని క్షమించే ముక్కే మనకి కావాలి.

చికెన్ కడగడం గురించి కూడా చెప్పనివ్వండి. మన ఇళ్లలో పసుపు, ఉప్పు వేసి నాలుగుసార్లు కడిగితే కానీ మనసొప్పదు. బ్రిటన్‌లో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ 2014లో పచ్చి కోడిమాంసం కడగడం మానేయండని ప్రజలకి చెప్పింది. కుళాయి కింద కడిగినప్పుడు చిందే తుంపర్లతో పాటు మాంసంలోని సూక్ష్మజీవులు సింకు అంతా, పక్కనున్న కూరగాయల మీదా పడతాయి. వాటిని చంపేది వేడి ఒక్కటే. ముక్క లోపల 74 డిగ్రీల వేడి తగిలితే చాలు. నేను ఇప్పుడు కడగడం మానేశాను. మీరు మానలేకపోతే కుళాయి జోరుగా తిప్పకండి, గిన్నెలో నీళ్లు పోసి నెమ్మదిగా కడిగి, ఆ తర్వాత సింకు సబ్బుతో రుద్దండి. ఏం చేసినా సరే, చివరికి ముక్కల తడి శుభ్రంగా అద్దేయాలి. తడి ముక్క నూనెలో వేగదు, ఉడుకుతుంది.

ముక్కలు ఉసిరికాయంత ఉండాలి. అర చెంచా ఉప్పు, అర చెంచా మిరియాల పొడి, చిటికెడు పసుపు పట్టించి పక్కన పెట్టండి. ఆ పది నిమిషాల్లో ఉల్లిపాయ, వెల్లుల్లి, కాప్సికం, టమాటా తరిగేసుకోవచ్చు. ఇంకో పొయ్యి మీదో ఎలక్ట్రిక్ కెటిల్‌లోనో ముప్పావు లీటరు నీళ్లు కాగనివ్వండి.

గిన్నె వెడల్పుగా, అడుగు మందంగా ఉండాలి. స్టీలుదైనా నాన్‌స్టిక్‌దైనా ఫరవాలేదు. వట్టి అల్యూమినియం బాణలి, ఇనుప మూకుడు ఈ ఒక్క వంటకి వద్దు. టమాటా పులుపుకి అవి కరిగి రుచి మారుస్తాయి.

నూనె బాగా కాగాక ముక్కలు ఒక్కొక్కటీ దూరం దూరంగా వేయండి. చుయ్ మని గట్టిగా మోగాలి. మోగకపోతే నూనె కాగలేదన్నమాట, మిగతా ముక్కలు వేయకుండా ఆగండి. వేశాక చేతులు కట్టుకుని నిలబడండి. ఇదే చాలామందికి కష్టం. మనకి గరిట చేతిలో ఉంటే తిప్పకుండా ఉండలేం. కానీ మూడు నిమిషాలు ముక్కని కదపకూడదు. మొదట నీళ్లు ఊరి కుతకుతమని చప్పుడొస్తుంది. ఆ నీళ్లు ఇగిరిపోగానే చప్పుడు చిటపటలోకి మారుతుంది. అప్పుడు తిప్పండి. అడుగువైపు బెల్లం పాకం రంగులోకి వచ్చి ఉంటుంది. మాంసకృత్తులూ చక్కెరలూ వేడికి కలిసి ఇచ్చే రంగు అది. 1912లో మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీన్ని మొదట వివరించాడు. వేపుడుకి, రొట్టెకి, కాఫీ గింజకి ఆ కమ్మటి వాసన ఇచ్చేది అదే. రెండోవైపు రెండు నిమిషాలు చాలు. ముక్కలు తీసి శుభ్రమైన పళ్లెంలో పెట్టండి. పచ్చి మాంసం పెట్టిన పళ్లెం వాడకండి. లోపల ఇంకా కాస్త పచ్చిగానే ఉంటాయి, కంగారు పడకండి, మళ్లీ గిన్నెలోకి వస్తాయి.

గిన్నె అడుగున గోధుమరంగు పొర అంటుకుని ఉంటుంది. దాన్ని చూసి మాడిందేమోనని కడిగేయకండి. ఈ వంట రుచిలో సగం అక్కడే ఉంది. అందులోనే ఉల్లిపాయ, వెల్లుల్లి వేసి, ఉల్లిపాయలోంచి వచ్చే తడితో చెక్క గరిటతో అడుగు గీకుతూ తిప్పండి. రెండు నిమిషాలకి పొరంతా ఊడి ఉల్లిపాయకి పట్టేస్తుంది. తర్వాత టమాటాలు, ఒక చెంచా కారం. టమాటా మెత్తబడి నూనె పైకి తేలేదాకా ఆగండి. పచ్చివాసన ఇక్కడే పోవాలి, నీళ్లు పోశాక పోదు. ఇదంతా మన కూర పద్ధతేనని మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది.

ఇప్పుడు ఎసరు. కాగిన నీళ్లు ముప్పావు లీటరూ పోయండి. ఉప్పు ఒక చెంచా కంటే తక్కువ. ఈ చోట తప్పు జరగడం సులువు. నీళ్లు వార్చే పద్ధతిలో ఉప్పు సగానికి పైగా నీళ్లతో పాటే పోతుంది కాబట్టి ఎక్కువ వేస్తారు. మన గిన్నెలోంచి ఏదీ బయటికి పోదు. పైగా చివర్లో చీజ్ వస్తుంది, అందులోనూ ఉప్పుంటుంది. తెర్లుతున్న ఎసరులో పచ్చి పాస్తా వేసి ఒకసారి కలిపి, అన్ని గొట్టాలూ మునిగేలా సర్దండి. మొదటి రెండు నిమిషాలు పక్కకి కదలకండి. పాస్తా పైపొరలోని పిండి అప్పుడే జిగురుగా మారుతుంది, కలపకపోతే గొట్టాలు ఒకదానికొకటి, అడుక్కీ అతుక్కుంటాయి. రెండుసార్లు బాగా కలిపాక మూత ఓరగా పెట్టి, మంట మధ్యస్థంగా ఉంచండి. మూడు నిమిషాలకోసారి అడుగు తగిలేలా కలుపుతూ ఉంటే చాలు.

ఇక వినండి. మొదట నీళ్లు సలసలమంటాయి, చిన్న చిన్న బుడగలు. ఏడెనిమిది నిమిషాలకి ఆ చప్పుడు బరువెక్కుతుంది, బుడబుడమంటుంది. అప్పుడు కాప్సికం వేయండి. ఇంకో మూడు నిమిషాలకి రాగిజావ ఉడుకుతున్నట్టు టప్... టప్... అని ఆగి ఆగి మోగుతుంది. అదే గంజి పట్టిన గుర్తు. మంట తగ్గించి ఒక గొట్టం తీసి వేళ్ల మధ్య నొక్కండి. మనం మెతుకు నొక్కి పలుకు ఉందా అని చూస్తాం కదా, అచ్చంగా అలాగే. ఇటలీవాళ్లు అల్ దెంతె అంటారు, పంటికి తగలాలని. మనకి ఆ మాట ఎందుకు, పలుకు అనే మంచి మాట ఉండగా. నడిమధ్యలో సూదిమొనంత పలుకు మిగిలినప్పుడే చికెన్ ముక్కలు, పళ్లెంలో ఊరిన రసంతో సహా వేసేయండి. మూడు నిమిషాలు మూత పెట్టండి. మూత తీసి అన్నిటికంటే పెద్ద ముక్కని కోసి చూడండి, లోపల గులాబీ రంగు మిగలకూడదు.

పాలు చివర్లోనే పోయాలి. ముందే పోస్తే టమాటా పులుపుకి విరిగిపోతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు కాకుండా, గది వేడికి వచ్చినవి, మంట బాగా తగ్గించి సన్నగా పోస్తూ కలపండి. అప్పటికి గిన్నెలో గంజి పట్టి ఉంటుంది కాబట్టి అది పాలని విరగనివ్వకుండా కాపాడుతుంది. స్టవ్ ఆపేశాక చీజ్ తురిమి వేయండి. మిరియాల పొడి ఇంకాస్త. పైన కొత్తిమీర. కొత్తిమీర బదులు ఇటలీవాళ్లు వేసే ఆకు మన పూజ తులసి కాదు. ఎండాకాలం షర్బత్తులో వేసుకుంటామే, సబ్జా గింజలు, ఆ మొక్క ఆకు. కుండీలో సబ్జా మొలకెత్తించి పెంచుకుంటే ఆకు మీ బాల్కనీలోనే దొరుకుతుంది.

అయిదు నిమిషాలు మూతపెట్టి వదిలేయండి. మూత తీసినప్పుడు గొట్టం గొట్టానికీ సాస్ పట్టి, గిన్నె అడుగున గరిటె గీస్తే ఆ గీత ఒక్క క్షణం నిలిచి మూసుకుపోతుంది. మైదా లేదు, క్రీమ్ లేదు. ఆ చిక్కదనం ఇచ్చింది గంజి.

నేను ఈ పద్ధతి పట్టుకున్న మొదటిసారి నీళ్లు ఎక్కువ పోశాను. లీటరు పైనే పోసుంటాను. పాస్తా ఉడికిపోయింది, నీళ్లు మిగిలిపోయాయి, ఇగర్చేలోగా అంతా సంకటిలా అయింది. అలా జరిగితే మీరు కలుపుతూ కూర్చోకండి, కలిపేకొద్దీ గొట్టాలు చితుకుతాయి. మూత తీసి మంట పెంచి వదిలేయండి. నీళ్లు తక్కువైతే చింతే లేదు, పావుగ్లాసు వేడినీళ్లు పోసుకోవచ్చు. అందుకే తక్కువతో మొదలుపెట్టడం మేలు.

మా అత్తయ్య మొదటిరోజు వంటింటి గడప దగ్గర నిలబడి చూశారు.

"అమ్మాయ్, గంజి వార్చవా?" అన్నారు.

"వార్చనత్తయ్యా, అత్తెసరు పెట్టాను" అన్నాను.

ఆవిడ గిన్నెలోకి తొంగిచూసి, "అయితే సేమియా ఉప్మాకి పెద్దక్కన్నమాట. ఓ రెండు గరిటెలు నాకూ పెట్టు" అన్నారు. తిన్నాక చెప్పిన సలహా ఏమిటంటే, దించేముందు రెండు రెబ్బలు కరివేపాకు నేతిలో వేయించి పైన వేయమని. ఇప్పుడు మా ఇంట్లో అలాగే వేస్తున్నాం. బాగుంది.

ఇక్కడ ఒక లెక్క చెప్పి నా మనసులో మాట చెబుతాను. కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖ 2019లో దేశమంతటా ప్రజలు రోజులో సమయం ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు అప్పట్లో రోజుకి సగటున 299 నిమిషాలు ఆ పనికి వెచ్చించేవారు. ఆ పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు. పైగా ఇంటిపనిలో చెయ్యి పెట్టిన మగవాళ్లు వందకి 26 మందే. ఆడవాళ్లలో 81 మంది. 299 నిమిషాలంటే దాదాపు అయిదు గంటలు. ఆఫీసు నుంచి వచ్చిన మనిషికి ఆ అయిదు గంటలు ఎక్కడివి? నిద్రలోంచే తీసుకోవాలి. ఒక్క గిన్నె వంట ఈ లెక్కని తిరగరాయదని నాకు తెలుసు. కానీ మా ఇంట్లో దానివల్ల ఒకటి జరిగింది. మూడు పొయ్యిల మీద మూడు గిన్నెలు చూసుకోవాల్సిన వంట మావారికి ఎప్పుడూ భయమే. ఇది ఒక్క గిన్నె, ఒక్క గరిట, చెవితో విని చేసే పని. రెండుసార్లు నా పక్కన నిలబడి చూశారు. మూడోసారి నేను ఆఫీసులో ఇరుక్కుపోయి, దారిలో ఫోను చేస్తే, "టప్ టప్‌మంటోంది, పాలు పోసేయనా?" అని అడిగారు. ఆ రోజు నేను ఇంటికొచ్చి చేతులు కడుక్కుని కూర్చుని తిన్నాను. పెళ్లయిన పదమూడేళ్లలో, పనిరోజున, వేడివేడిగా నాకెవరో వడ్డించడం అదే మొదలు. ఆ రాత్రి ఆ పాస్తాలో ఉప్పు కాస్త తక్కువైంది. నాకు అంతకంటే మంచి భోజనం గుర్తులేదు.

మాంసం తిననివాళ్లు చికెన్ బదులు పుట్టగొడుగులు ఇదే పద్ధతిలో ఎర్రగా వేయించి వేసుకోవచ్చు. పనీర్ అయితే చివర్లోనే వేయాలి.

మిగిలితే రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి, చికెన్ ఉన్న వంట రాత్రంతా బయట ఉండకూడదు. పొద్దునకి గట్టిపడిపోయి ఉంటుంది. గంజి చల్లారితే అంతే, చద్దన్నం చూసినవాళ్లకి కొత్త కాదు. పావుగ్లాసు పాలో నీళ్లో పోసి సన్నమంట మీద పొగలొచ్చేదాకా వేడిచేస్తే మళ్లీ విచ్చుకుంటుంది. పిల్లల బాక్సుకి బాగా సరిపోతుంది.

అన్నలూ, తమ్ముళ్లూ, ఈ ప్రసంగం వింటున్నది మీరైతే ఒక్కటే కోరిక. వచ్చే బుధవారం రాత్రి ఈ గిన్నె మీరు పొయ్యి మీద పెట్టండి. కాగితం అందక రాసుకోలేకపోయినవారి కోసం కొలత ఇంకొక్కసారి చెబుతున్నాను. పావుకిలో పాస్తాకి ముప్పావు లీటరు నీళ్లు.